తివాచీ దిగేదాకా

ఆ ఇంటి గుమ్మం నుంచి పాల బూత్‌కి ఎనభై ఆరు అడుగులు. మందుల షాపుకి నూట నలభై. కూరల మార్కెట్‌కి నాలుగు వందల పది. ఇవి నా అడుగులు కావు, అమ్మవి. నేను పక్కన నడుస్తూ మనసులో లెక్కపెట్టి, ఇంటికొచ్చి డైరీలో రాసేదాన్ని. ఎరువుల కొట్టువాళ్లు నాన్నకి ఇచ్చిన డైరీ అది. ప్రతి పేజీ కింద ఏదో ఒక పురుగు బొమ్మ, దాని పక్కన కొట్టాల్సిన మందు పేరు ఉండేవి. రెండు వేల ఐదు వేసవి అంతా ఆ పురుగుల పైనే రాశాను.

అమ్మ అడుగులు లెక్కపెట్టాలని ఎందుకు అనిపించిందంటే, అంతకుముందు అమ్మ నడవడం నేను పెద్దగా చూడలేదు. మా ఊళ్లో మా ఇల్లు చేల మధ్య, మురుగు కాలువ గట్టు మీద ఉంటుంది. అటు కొల్లేరు, ఇటు వరిచేలు. తారు రోడ్డు ఎక్కాలంటే రెండు కిలోమీటర్లు గట్టు పట్టుకుని రావాలి. చీర ఫాల్ కుట్టించాలన్నా, పంటినొప్పికి మందు కావాలన్నా అమ్మ ముందు నాన్న మొహం చూసి, తర్వాత ఆకాశం చూసి, "ఏవండీ, ఇవాళ బండి తీస్తారా?" అనేది. నాన్న బండి తీసిన రోజు అమ్మకి ఊరు ఉండేది. తీయని రోజు ఉండేది కాదు.

నా పదో తరగతి పరీక్షలయ్యాయి. రెండో పంట దాళ్వా కోతలు కూడా అయ్యాక నాన్న ఒక రోజు అన్నం తింటూ చెప్పారు.

"ఏలూరులో ఇల్లు తీసుకుందాం. దుర్గ కాలేజీ అక్కడే. మీరిద్దరూ అక్కడుండండి. అమ్మకీ నాకూ ఇక్కడే బావుంటుంది. వారానికి రెండుసార్లు వస్తాను."

'అమ్మ' అంటే మా నాయనమ్మ. ఆవిడ వెంటనే, "నన్ను అడక్కుండా నాకు ఎక్కడ బావుంటుందో చెప్పేశాడు మా గంగరాజు," అని మజ్జిగ పోసుకుంది.

ఇల్లు కుదిరేదాకా వేసవికి రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. కాలువకి ఇవతల వన్‌టౌన్‌లో, ఆటో కూడా పట్టని సందులో అజీజున్నీసా గారి ఇల్లు. ముందు రెండు గదులు మావి. వెనక పెద్ద గది, వంటిల్లు ఆవిడవి.

మొదటి రోజు సామాన్లు దింపుతుంటే వెనక గదిలోంచి దబ్ దబ్‌మని చప్పుడు వచ్చింది. కాసేపు ఆగి, మళ్లీ. ఎవరో పిండి దంచుతున్నారేమో అనుకున్నాను. తలుపు సందులోంచి చూశాను. గది నిండా నిలువుగా మగ్గం. కింద నేలలో మోకాలి లోతు గొయ్యి. గోతిలో కాళ్లు పెట్టుకుని, పలక మీద ఒక ముసలావిడ, ఒక నడివయసావిడ పక్కపక్కన కూర్చుని ఇనుప దువ్వెనతో దారాన్ని కొడుతున్నారు. వాళ్ల మోకాళ్ల ముందు ఎర్రటి తివాచీ సగం నేసి ఉంది. పైసగం ఉత్త దారాలే. ఆ దారాల్లోంచి అటువైపు గోడ కనిపిస్తోంది.

"తలుపు సందులోంచి చూస్తే సగమే కనిపిస్తుంది. లోపలికి రామ్మా," అంది ముసలావిడ వెనక్కి తిరక్కుండానే.

నేను పారిపోయాను.

నేనంతే. మా హైస్కూల్లో మాస్టారు అటెండెన్స్ పిలిస్తే నా "ప్రెజెంట్ సార్" పక్క బెంచీకి వినపడేది కాదు. ఒకసారి ఒక్కదాన్నే బస్సెక్కి, మా స్టేజీ వస్తే "ఆపండి" అని అరవలేక, రెండు స్టేజీలు దాటిపోయి వెనక్కి నడిచొచ్చాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. డైరీలో మాత్రం ఉంది, కాండం తొలిచే పురుగు పైన.

మర్నాడు ఉదయం అమ్మ సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాన్న ఊరెళ్లిపోయారు. ఇంట్లో కూరలు లేవు. అమ్మ సందు అటూ ఇటూ చూసి, "ఎటెళ్లాలో," అంది.

వెనకనుంచి అజీజున్నీసా గారు, "ఏముందమ్మా, ఏ వైపుకెళ్లినా మార్కెట్టే వస్తుంది. ఇటైతే మసీదు పక్కనుంచి, అటైతే టైలర్ల సందులోంచి," అంది.

వెళ్లేటప్పుడు ఒక దారి, వచ్చేటప్పుడు ఒక దారి నడిచాం. దారిలో అత్తరు కొట్టు, గాజుల కొట్టు, గొడుగులు బాగుచేసే ఆయన, పాత పుస్తకాల దుకాణం. అమ్మ ప్రతిదాని దగ్గరా ఆగింది. ఏమీ కొనలేదు. గొడుగులాయన్ని మాత్రం "ఏడాది పొడుగునా పనుంటుందాండీ?" అని అడిగింది. "వానాకాలం వానకి, ఎండాకాలం ఎండకి. చలికాలం పెళ్లాంతో పేచీ అండీ," అన్నాడాయన. అమ్మ రోడ్డు మీద నవ్వింది. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా ఉంది.

నాలుగు వందల పది అడుగులు. మొదటిసారి రాసింది ఆ రోజే.

అద్దెకొచ్చిన పది రోజులకి తెలిసింది, ఆ ఇల్లు అమ్మకానికి ఉందని. అజీజున్నీసా గారి అబ్బాయి ఇలియాస్‌కి కైకలూరులో ఐసు కొట్టుంది. ఒక్కదానివీ ఎందుకమ్మా వచ్చెయ్యమంటున్నాడట.

"మరెందుకు వెళ్లలేదు మామ్మగారూ?" అని అమ్మ అడిగింది.

"మగ్గం మీద తివాచీ ఉంది కదమ్మా. సగంలో మగ్గం కదిపితే పడుగు దారాలు వదులైపోయి తివాచీ వంకరపోతుంది. అది దిగేదాకా ఇల్లు అమ్మను, బయానా కూడా ముట్టను. రెండు జానలే మిగిలింది. ఏడాది నుంచీ రెండు జానలే మిగిలింది."

ఎందుకంటే, చదివేవాళ్లు లేరు. తివాచీ బొమ్మ అంతా గళ్ల కాయితం మీద ఉంటుంది. ఒక గడికి ఒక ముడి. ఒకరు వరుసగా రంగులు పైకి చదువుతుంటే నేసేవాళ్లు ముడులు వేస్తూ పోవాలి. వాళ్లాయన అమీర్ గారు ఉన్నన్నాళ్లూ ఆయనే చదివేవారు. ఆయన పోయాక ఈవిడ కళ్లకి గళ్లు ఆనడం లేదు. పక్కన కూర్చుని కూలికి నేసే ఆలియాకి చదువు రాదు. నాలుగు ముడులు వేయడం, లేచి కాయితం దగ్గరికెళ్లి కళ్లు చికిలించడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. అలా రోజుకి రెండు వరుసలు కూడా అయ్యేవి కావు.

"మా దుర్గ చదువుతుంది," అంది అమ్మ.

ఈసారి కూడా పారిపోదామనుకున్నాను. కానీ ఆ కాయితం చూడాలని ఉంది. పసుపు పచ్చబడి, మడతల దగ్గర గుడ్డ అతికించిన పెద్ద కాయితం. దగ్గర్నుంచి చూస్తే ఉత్త గళ్లు. దూరం జరిగితే పువ్వులు, ఆకులు, చుట్టూ తీగ. ఒక్కో గడిలో పువ్వు ఎక్కడ దాక్కుందో నాకు అర్థం కాలేదు.

"ఎరుపు మూడు," అన్నాను.

"ఏంటమ్మా?"

"ఎరుపు... మూడు."

ఆలియా నవ్వింది. "నీలో నువ్వే చెప్పుకుంటే ముడి నువ్వే వేసుకోవాలి పిల్లా. మాకూ చెప్పు."

"దాన్ని బెదిరించకు," అంది అజీజున్నీసా గారు. "చూడమ్మా, మేం దువ్వెన కొడుతున్నా వినపడాలి. నువ్వు మాతో మాట్లాడకు. మమ్మల్ని చూడకు కూడా. కాయితంలో ఏముందో అది చెప్పు, అంతే. అది నీ మాట కాదుగా, కాయితం మాట."

అది నాకు నచ్చింది. నా మాట కాదు. కాయితం మాట.

"ఎరుపు మూడు. పసుపు ఒకటి. ఎరుపు రెండు. నలుపు నాలుగు!"

నాలుగు రోజులకి నా గొంతు సందులోకి వినపడుతోందని అమ్మ చెప్పింది. అప్పటికి అమ్మ మార్కెట్‌కి ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది. వచ్చాక నాకు దారి చెప్పేది, అడుగులు తనే లెక్కపెట్టి చెప్పేది. "పోస్టాఫీసు ఆరు వందల ముప్ఫై. మధ్యలో ఒకావిడ మాట్లాడించింది, అక్కడ రెండు మూడు తప్పి ఉంటాయి. రాసుకో."

ఒక సాయంత్రం అరుగు మీద మల్లెపూలు కడుతూ అమ్మ, "ఈ ఇల్లు మనదైతే ఎంత బావుండునే," అంది. అంతే అంది. అమ్మ తనకి ఏదైనా కావాలనడం అంతకుముందు నేను వినలేదు.

నాన్న వచ్చినప్పుడు అమ్మ కాఫీ ఇచ్చి ఆ మాటే ఇంకోలా చెప్పింది. "ఈ ఇల్లే అమ్ముతున్నారటండీ."

నాన్న లేచి ఇల్లంతా తిరిగారు. చేను కొలిచినట్టే, ఈ గోడ నుంచి ఆ గోడకి పెద్ద పెద్ద అంగలు వేశారు. మేమిద్దరం వెనక నడిచాం. "రెండు సెంట్లకి కాస్త ఎక్కువ," అన్నారు. "ఇందులో నారుమడి కూడా పట్టదు రామలక్ష్మీ."

మగ్గం గదిలో గొయ్యి చూసి ఆగిపోయారు. దిక్కులు చూసుకున్నారు. "నైరుతిలో గొయ్యా!"

అజీజున్నీసా గారు ముడి వేస్తూనే, "నలభై ఏళ్లు ఈ గోతిలో కాళ్లు పెట్టుకునే ముగ్గురు పిల్లల్ని పెంచేనండీ. అయినా మట్టేగా, పూడ్చుకుంటే పూడుతుంది," అంది.

ఆ మర్నాడే నాన్నకి తెలిసిన బ్రోకరు వెంకట్రాజు గారు మా ముగ్గుర్నీ వట్లూరు తీసుకెళ్లారు. కొత్త లేఅవుటు. తెల్ల సున్నం కొట్టిన హద్దు రాళ్లు, ఎర్రమట్టి రోడ్లు, పైన ఎండ. నాన్న బండి దిగీ దిగగానే వంగి మట్టిబెడ్డ ఒకటి తీసి వేళ్లతో నలిపారు. మొహం వెలిగిపోయింది.

"ఎంత మంచి నేలో చూడు!"

"ఇల్లే కదండీ కడతాం," అంది అమ్మ. "వరి నాటం కదా."

వెంకట్రాజు గారు పెద్దగా నవ్వి, నాన్న నవ్వకపోయేసరికి ఆపేశారు. "ఆయ్, అయిదు సెంట్లండి. తూర్పు ఫేసింగండి. అదిగోండి, అమ్మాయి గారి కాలేజీ గేటు! ఇక్కణ్ణుంచే కనబడుతుందండి. బెల్లు కొట్టేక బయల్దేరినా అందుకుంటుందండి."

నిజమే. నీలం రంగు గేటు కనిపిస్తోంది. నడిస్తే ఎంతమందితో మాట్లాడాలా అని చూశాను. ఎవరితోనూ అక్కర్లేదు. మధ్యలో మనిషే లేడు. నాకు లోపల హాయిగా అనిపించింది. ఆ మాట దాచను. ఇంటికీ కాలేజీకీ మధ్య బస్సు లేదు, కండక్టరు లేడు, "ఆపండి" లేదు.

అమ్మ చుట్టూ చూసింది. "కొత్తిమీర కట్ట కావాలంటే ఎటెళ్లాలండీ?" అని అడిగింది.

"రెండేళ్లలో అన్నీ ఇక్కడికే వచ్చేస్తాయండి. ఈలోగా సారు బండి ఉండనే ఉంది కదండి."

అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని, నాన్న మొహం చూసి, తర్వాత ఆకాశం చూసింది. ఊళ్లో చూసినట్టే.

రాత్రి అన్నాల దగ్గర నాన్న, "శుక్రవారం పదింటికి బయానా ఇస్తానని చెప్పాను," అన్నారు. "నాకోసమా, నీకోసమా? దుర్గ కోసం. ఇది నోరు తెరిచి బస్సు ఆపలేదు. రోజూ ఇక్కణ్ణుంచి వట్లూరు ఎలా వెళ్తుంది?"

రెండు స్టేజీల సంగతి నాన్నకి తెలుసు! ఎప్పటినుంచి తెలుసో. నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను.

అమ్మ నాన్నకి పెరుగు వేసింది. "పిల్లకి దగ్గరైతే అంతకంటే కావలసిందేముందండీ," అంది. గొంతులో ఏ మార్పూ లేదు.

ఆ మర్నాడు అమ్మ మార్కెట్ నుంచి వచ్చి అడుగులు చెప్పలేదు. నేనూ అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే మగ్గం దగ్గర కూర్చున్నాను. తివాచీ ఇంకా వేలి మందమే నేయాలి. అంచు తీగ వరకూ వచ్చాం. "ఇవాళో రేపో దిగిపోతుంది," అని ఆలియా ఎనిమిదింటికే వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదయ్యేదాకా తోచక, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను చదవడం నాన్న అంతకుముందు వినలేదు. అమ్మ వెనక వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"నలుపు రెండు. పచ్చ ఒకటి. నలుపు రెండు. పచ్చ ఒకటి."

నా గొంతు గది దాటి వెళ్తోందని నాకే తెలుస్తోంది. దువ్వెన దబ్ దబ్‌మని కొడుతున్నా దాని పైనుంచి వెళ్తోంది. వాకిట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగింది. అమ్మ వింటోంది కాబోలు. నేను కాయితం మీంచి కళ్లు తీయలేదు.

"ఎరుపు అయిదు. నలుపు ఒకటి. నాన్నా, నేను ఆటోలో వెళ్తాను. ఇక్కణ్ణుంచే."

ముడి వేసే చేతులు ఆగాయి. అందరికంటే ముందు నేనే ఉలిక్కిపడ్డాను. అది కాయితంలో లేదు.

అజీజున్నీసా గారు వెనక్కి తిరగలేదు. "తర్వాత?" అంది.

"ఎరుపు... ఎరుపు రెండు."

"రెండు," అంది ఆలియా, ముడి వేస్తూ.

ఆ వరుస పూర్తయి తలెత్తేసరికి కుర్చీలో నాన్న లేరు. బయానాకి వెళ్లిపోయారనుకున్నాను. తర్వాతి వరుస మొదలుపెట్టాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

అరగంటకి నాన్న తిరిగొచ్చారు. చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది. చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. బండి గోడవారనే ఉంది. అది కదలనే లేదు.

కొత్తిమీర అమ్మకిచ్చి, "మూడు వందల నలభై," అన్నారు.

"కొత్తిమీరా!" అంది అమ్మ కంగారుగా.

"మార్కెట్టు. అడుగులు." నాన్న కండువాతో మొహం తుడుచుకున్నారు. "బండి మీద వంతెన చుట్టూ తిరిగి వెళ్లడమే గానీ, ఎప్పుడూ నడవలేదు. ఇంత దగ్గరని తెలీదు."

నేను నోట్లోనే అన్నాను, అమ్మవి నాలుగు వందల పది అని. నాన్నవి పెద్ద అంగలు.

వెంకట్రాజు గారికి ఫోన్ చేసి ఏం చెప్పారో వినలేదు. అటునుంచి గట్టిగా "ఆయ్, ఆయ్" అని మాత్రం వినపడింది.

తివాచీ మర్నాడు మధ్యాహ్నం దిగింది. అజీజున్నీసా గారు కత్తితో పడుగు కోస్తుంటే, వదులైన దారం ప్రతిదీ చిన్నగా ఎగిరింది. వాకిట్లో పరిచారు. ఎవరూ తొక్కలేదు. నేను దూరం జరిగి చూశాను. నేను చదివిన గళ్లన్నీ అక్కడ పువ్వులై ఉన్నాయి. నాన్నతో మాట్లాడిన చోటు ఎక్కడుందా అని వెతికాను. ఎడమ అంచు దగ్గర, తీగలో మూడో ఆకు. మిగతా ఆకుల్లానే ఉంది.

బయానా తీసుకునేటప్పుడు అజీజున్నీసా గారు అమ్మ చేతులమీదుగానే ఇమ్మంది. "ఈ ఇంట్లో ఉండేది ఆవిడ," అంది. నాన్న జేబులోంచి తీసి అమ్మకిచ్చారు. అమ్మ ఇచ్చింది.

మగ్గం కైకలూరు వెళ్లలేదు. "ఐసు కొట్టు తడిలో ఉన్ని పాడైపోతుంది," అని ఆవిడ దాన్ని ఆలియాకిచ్చేసింది. గళ్ల కాయితం నాకిచ్చింది. వెళ్లే రోజు ఖాళీ గదిలోకి ఒక్కతే వెళ్లి, గోతి అంచున కూర్చుని, అందులో కాళ్లు పెట్టుకుంది. నేను తలుపు సందులోంచి చూశాను. ఈసారి కూడా తిరక్కుండానే, "రామ్మా," అంది. వెళ్లి పక్కన కూర్చుని నేనూ కాళ్లు పెట్టాను. గోతిలో చల్లగా ఉంది.

"కైకలూరులో మార్కెట్టు దగ్గరేనా మామ్మగారూ?" అని అడిగాను.

"నడిచి చూసి చెప్తానే," అంది.

ఆ గొయ్యి నాన్నే పూడ్చారు. ఏలూరు మట్టి కాదు, మా చేలో మట్టి గోనెసంచుల్లో ట్రాక్టరు మీద తెచ్చారు. సందులోకి ట్రాక్టరు పట్టక, ఆ చివరినుంచి భుజం మీద మోసుకొచ్చారు. "నారుమడి మట్టి," అన్నారు పోస్తూ. "ఇప్పుడు పట్టింది."

జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలారు. నాన్న నారుమళ్లు దున్నడానికి ఊరెళ్లిపోయారు. నేను కాలేజీలో చేరాను. మొదటి రోజు షేర్ ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కుని, నీలం గేటు కనిపించగానే కాయితం చదివినట్టు "ఆపండి!" అన్నాను. డ్రైవరు ఉలిక్కిపడి, "చెవి పక్కనే ఉన్నాను కదమ్మా," అన్నాడు.

ఒక ఆదివారం పదకొండింటికి నాన్న చెప్పకుండా వచ్చారు. మోకాళ్ల దాకా బురద ఎండిపోయి ఉంది. నేను అరుగు మీద కూర్చుని డైరీ రాస్తున్నాను.

"అమ్మేదే?"

"బయటికెళ్లింది నాన్నా."

"ఎక్కడికి?"

"చెప్పలేదు."

"మార్కెట్టుకా?"

"కూరలు పొద్దున్నే తెచ్చేసింది."

నాన్న సందు ఆ చివరికీ, ఈ చివరికీ చూశారు. బండి తాళం చేతిలో తిప్పారు. తర్వాత దాన్ని జేబులో వేసుకుని, అరుగు మీద నా పక్కన కూర్చున్నారు. కాసేపటికి, "ఎంతసేపైంది వెళ్లి?" అన్నారు.

"గంట."

"ఊఁ," అన్నారు. ఇంకా కూర్చున్నారు.

ఆ రోజు పేజీ కింద ఆకుచుట్టు పురుగు బొమ్మ ఉంది. దాని పైన "అమ్మ" అని రాసి, పక్కన అడుగుల అంకె కోసం కొంచెం చోటు వదిలాను. అమ్మ తిరిగొచ్చాక ఎక్కడికెళ్లిందో మేం అడగలేదు. ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.